ఐసులో వచ్చిన పవర్ సప్లై

అవనిగడ్డ ఊరి చివరనున్న రొయ్యల కంపెనీలో రెండే రెండు గదులకి ఏసీ ఉండేది. ఒకటి మేనేజరు గంగాధరరావు గారిది, రెండోది సర్వరుది. మే నెల వచ్చిందంటే చాలు, ఏదో ఒక వంక పెట్టుకుని మనుషులు సర్వరు గదిలోకి వచ్చి కాసేపు నిలబడి వెళ్ళేవాళ్ళు. ఊరికే నిలబడితే బాగుండదని "ఎలా ఉంది దీని ఒంట్లో?" అని సర్వరుని పరామర్శించేవాళ్ళు కూడా. దాని ఒంట్లో ఎలా ఉందో తెలిసిన మనిషి మాత్రం కంపెనీ మొత్తానికీ ఒక్కతే. ఆ అమ్మాయి పేరు రాహేలు.

రాహేలుది మొవ్వ. అక్కడి చర్చిలో హార్మోనియం వాయించే ఏలీయా గారి రెండో కూతురు. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసి, 2005 డిసెంబరులో ఈ ఉద్యోగంలో చేరింది. ఆరు నెలలు చూసి, పనితీరు బాగుంటే ఖాయం చేస్తామన్నారు. ఇప్పటికి అయిదు నెలల మూడు వారాలైంది. ఇంట్లో తల్లి అప్పుడే చుట్టుపక్కల వాళ్ళకి "మా అమ్మాయిది పర్మినెంటే" అని చెప్పేసుకుంది. ఆ మాట నిజం చెయ్యాల్సిన బరువంతా రాహేలు నెత్తిన పడింది.

సర్వరంటే పెద్ద వింతేమీ కాదు. బీరువా అంత ఎత్తున్న ఇనుప రాక్‌లో అరలో పెట్టి బిగించిన చదునుపాటి పెట్టె. దాని వెనకవైపు, సొరుగుల్లా లోపలికి తోసే రెండు పవర్ సప్లైలు ఉంటాయి. గోడలోంచి వచ్చే కరెంటు సర్వరుకి సరిపడేలా మార్చి ఇచ్చేవి అవే. నిజానికి ఒక్కటి చాలు. రెండోది తోడు. ఒకటి పోయినా రెండోది బండి లాగుతుంటుంది. ఈలోగా పోయినదాన్ని బయటికి లాగి కొత్తది తోసేసుకోవచ్చు, సర్వరుని ఒక్క నిమిషం కూడా ఆపక్కర్లేదు. బాగుంటే వాటి మీద పచ్చ లైటు వెలుగుతుంది, పోతే నారింజ రంగుది.

సరిగ్గా రెండు వారాల కిందట ఎడమవైపు దానికి నారింజ లైటు వెలిగింది. రాహేలు చూసింది. చూసి ఎవరికీ చెప్పలేదు.

చెబితే ఏమంటారు? "ఈ అమ్మాయి వచ్చింది, మిషను పోయింది" అంటారు. కుడివైపుది బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదా, ఉద్యోగం ఖాయమైన మర్నాడే చెబుదాం అనుకుంది. తెలివైన పిల్లే. కానీ భయం పట్టుకున్నాక ఎంత తెలివైనవాళ్ళయినా ఇలాంటి లెక్కలే వేస్తారు. ఆ రెండు వారాలూ రోజుకి పదిసార్లు రాక్ వెనక్కి వెళ్ళి పచ్చ లైటు వంక చూసి వచ్చేది. అది వెలుగుతుంటే అన్నం సహించేది, అంతే.

గురువారం ఉదయం ఏడుంబావుకి, ఆమె బ్యాగు బల్ల మీద పెడుతుండగా, ఆ గదిలో హోరు ఆగిపోయింది. సర్వరు ఫ్యాన్ల చప్పుడు లేని ఆ గదిని రాహేలు ఎప్పుడూ చూడలేదు. పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళి చూస్తే పచ్చ లైటు లేదు. యూపీఎస్ బాగానే ఉంది, కరెంటూ ఉంది. తోడు లేకుండా రెండు వారాలు ఒంటరిగా బరువు లాగిన రెండో పవర్ సప్లై కూడా చేతులెత్తేసింది.

పోయి పోయి ఆ రోజే పోవాలా! సాయంత్రం అయిదింటికి కంపెనీ మొట్టమొదటి విదేశీ కంటెయినరు విశాఖ బయల్దేరాలి. అందులోని ప్రతి పెట్టె రొయ్యా ఏ చెరువుదో, ఏ రోజు పట్టారో, పరీక్షలో ఏం తేలిందో చూపించే కాగితాలు కావాలి. అవన్నీ సర్వరులో ఉన్నాయి. కాగితాలు లేకపోతే సీలు వెయ్యరు, సీలు లేకపోతే కంటెయినరు కదలదు, దాని కోసం ఓడ ఆగదు. టేపు మీద నకలు ఉంది గానీ, దాన్ని చదవాల్సింది కూడా ఆ సర్వరే.

గంగాధరరావు గారు సగం గడ్డంతో వచ్చారు. ఒక చెంపన సబ్బు నురుగు ఆరిపోయి ఉంది. ఆయన చెడ్డవాడు కాదు, కానీ కంగారు పుడితే గొంతు షెడ్డు దాకా వినపడేది.

"మామూలు కంప్యూటరుది తీసి పెట్టేయమ్మా!"

"అది దీనికి పట్టదండీ. దీని కొలత వేరు, వైర్లు వేరు."

"విజయవాడలో దీన్ని అమ్మినవాళ్ళేమంటున్నారు?"

"వారం పడుతుందంటున్నారు సార్. మన బందరు ఆఫీసులో ఇదే మోడలుకి స్పేరు ఒకటి కొని ఉంచారట, బీరువాలో ఉందట. అక్కడి శ్రీహరి గారితో మాట్లాడాను. పొద్దుటి వ్యానులో పంపిస్తానన్నారు."

ఆ మాట వినగానే ఆయన సబ్బు తుడుచుకున్నారు.

ఇక్కడ బందరు వైపు ఏం జరిగిందో చెప్పుకోవాలి. స్పేరు అట్టపెట్టెని బీరువాలో ఎలుకలు కొట్టేశాయి. శ్రీహరి జాగ్రత్త గల మనిషి. కొత్త పవర్ సప్లైని నాలుగు మడతల దినపత్రికలో చుట్టి, దెబ్బ తగలకుండా ఓ ఖాళీ థర్మోకోల్ పెట్టెలో పెట్టి, మూతకి టేపు వేసి, ఊరి పక్కనే గిలకలదిండి రేవులో రొయ్యల లోడు ఎక్కుతున్న సత్తిబాబు వ్యానులో పెట్టించాడు. డ్రైవరు సత్తిబాబు అంతకంటే జాగ్రత్త గల మనిషి. కిందటేడు ఒక పెట్టెలో ఐసు తక్కువై సరుకు మెత్తబడితే అతన్ని నలుగురిలో నిలబెట్టి తిట్టారు. అప్పట్నుంచీ వ్యాను కదిలే ముందు ప్రతి పెట్టె మూతా తీసి చూసి, ఐసు నిండుగా లేకపోతే తన చేత్తో నింపుతాడు. ఆ పెట్టె తీసి చూశాడు. ఒక్క ఐసు ముక్క లేదు.

తొమ్మిదిన్నరకి వ్యాను వచ్చింది. సత్తిబాబు పెట్టె భుజాన పెట్టుకుని, శ్రీహరి ఇమ్మన్న చోటు ఇదేనని, స్వయంగా సర్వరు గదిలోకి తెచ్చాడు. గుమ్మం దగ్గర్నుంచి బల్ల దాకా నీటి చుక్కలు వరసగా పడ్డాయి.

"ఇదేంటి సత్తిబాబూ, తడిగా ఉంది?"

"ఐసు కరిగింది మేడమ్, ఎండ అలా ఉంది. కానీ లోపల ఇంకా గట్టిగానే ఉంటుంది, చూడండి. చందువా మీద ఈగ కూడా వాలలేదు."

"చందువా ఏంటి?"

"మేనేజరు గారికి పంపింది కదండీ. పెద్ద చేపే, పేపర్లో చుట్టారు. కిలోన్నర పైమాటే."

రాహేలు మూత తీసింది. ఐసు ముక్కల మధ్య దినపత్రిక ముద్దయిపోయి ఉంది. ముద్ద పక్కకి తీస్తే ఫ్యాను రెక్కలు కనిపించాయి. వాటి సందుల్లోంచి నీళ్ళు కారాయి. సత్తిబాబు అది చూశాడు. అతని ముఖంలో రంగు దిగిపోయింది.

"ఇది చేప కాదా అండీ?" అన్నాడు నెమ్మదిగా.

రాహేలుకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే ముందు వచ్చింది. ఇంత దూరం వచ్చి ఉద్యోగం ఐసు పెట్టెలో పోతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. తనని పంపేస్తారు, మొవ్వలో అమ్మ మళ్ళీ అందరికీ ఇంకో మాట చెప్పుకోవాలి.

ఆ సమయానికే, చల్లగాలికి వంకగా గ్లవ్స్ అడగడానికి పెద్దింట్లమ్మ వచ్చింది. రొయ్యలు ఒలిచే షెడ్డుకి ఆవిడే పెద్ద. హంసలదీవి అవతల సముద్రపు ఒడ్డున పుట్టి, ముప్ఫయ్యేళ్ళు ఎండుచేపల వ్యాపారం చేసి, మోకాళ్ళు నొప్పులొచ్చాక కంపెనీలో చేరింది. కంపెనీలో అందరూ ఆవిడని పిన్నీ అనే పిలుస్తారు. పెట్టెలోకి తొంగి చూసింది, రాహేలు కళ్ళు చూసింది.

"ఏడుపెందుకమ్మాయ్? తడిసిందేగా, కాలలేదుగా. తడిసినవాటిని ఆరబెట్టే నా పిల్లల్ని పెంచాను. దీనికి పొట్ట ఎక్కడుంది?"

"పొట్టేంటి పిన్నీ?"

"పొట్ట చీల్చకుండా ఎండేస్తే పైన ఎండినట్టే ఉంటుంది, లోపల పాడైపోతుంది. తెరువు ముందు."

రాహేలుకి బుర్ర పనిచెయ్యడం మొదలైంది. వాడిన పవర్ సప్లైని తెరవకూడదు, లోపల కరెంటు దాక్కుని కొడుతుంది. కానీ ఇది ఒక్కసారి కూడా ప్లగ్గు చూడని కొత్త సరుకు. లోపల ఏమీ ఉండదు. స్క్రూలు తీసి మూత విప్పింది. ఆకుపచ్చ బోర్డు మీద కాగితం పీచు, నీళ్ళు.

"ఐసు ఎక్కడిది సత్తిబాబూ?"

"గిలకలదిండి ఫ్యాక్టరీదండీ. బోరు నీళ్ళు."

ఆ బోరు నీళ్ళు నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగులుతాయని బందరులో అందరికీ తెలుసు. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. రాహేలు గబగబా యూపీఎస్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చి, బోర్డు మీద ధారగా పోసి కడగడం మొదలుపెట్టింది. గంగాధరరావు గారు అప్పుడే లోపలికి వచ్చారు.

"నీళ్ళు పోస్తున్నావేంటమ్మా దాని మీద!"

"ఉప్పు కడుగుతున్నానండీ."

"ఉప్పా? ఎక్కడి ఉప్పు? అసలు ఆ ఐసేంటి?"

ముగ్గురూ ఒకేసారి చెప్పారు. ఆయనకి అర్థమయ్యేసరికి కుర్చీ కావలసి వచ్చింది. సత్తిబాబు చేతులు కట్టుకుని, ఏ శిక్షకైనా సిద్ధమన్నట్టు గోడకి ఆనుకున్నాడు. పెద్దింట్లమ్మ మాత్రం కిటికీ దగ్గరికి వెళ్ళి కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూసింది.

"పడమటి గాలే ఉందింకా. ఒంటిగంట దాటితే సముద్రం గాలి తిరుగుద్ది. అది తిరిగిందంటే ఎండినవి కూడా చెమ్మ పట్టేస్తాయి. డాబా మీదకి పదండి."

డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో రెండు కుర్చీలు వేసి, వాటి మధ్య పాత వల బిగించి కట్టించింది. వలమీద విప్పిన పవర్ సప్లైని పెట్టారు. కింద నుంచీ పై నుంచీ వేడిగాలి కొడుతోంది. ఎండలో పెడితే త్వరగా అవుతుందని గంగాధరరావు గారు అన్నారు. పెద్దింట్లమ్మ ఒప్పుకోలేదు.

"ఎండ నేరుగా తగిలితే పైన బిగుసుకుపోయి లోపల పచ్చిగా ఉంటుందండి. ఆరబెట్టేది గాలేనండి, ఎండ కాదు."

విదేశాల్లో చదివిన ఇంజనీరు చెప్పినా ఇంతకంటే ఎక్కువ నమ్మనన్నట్టు, సత్తిబాబు ఓ అట్టముక్క తెచ్చి విసరసాగాడు. షెడ్డులోంచి ఇద్దరిద్దరు చొప్పున ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చి చూసి, నోట్లో కొంగు పెట్టుకుని నవ్వుకుంటూ దిగిపోయారు. "ఏం చేపే అది?" "సర్వరు చేపంట." పదకొండు లోపలే కంపెనీ అంతా ఆ పేరు ఖాయమైపోయింది. రాహేలు ఉద్యోగం ఒక్కటే ఇంకా ఖాయం కాలేదు.

పదకొండున్నరకి బోర్డు మీద వేలు పెట్టి చూస్తే పొడిగా ఉంది. గంగాధరరావు గారి చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

"ఆరిపోయింది కదా, పట్టుకెళ్ళి పెట్టేయ్."

"ఆగండి," అంది పెద్దింట్లమ్మ. బొడ్లోంచి మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు తీసింది, తళతళలాడే పారదర్శకమైనది. పవర్ సప్లైని అందులో పెట్టి, మూతి ముడేసి, ఈసారి ఎండలో పెట్టింది. "సరుకు మూట కట్టే ముందు మేం ఇలాగే చూస్తాం. లోపల తడుంటే బయటికొచ్చి కవరుకి పడుతుంది."

పది నిమిషాలు. నలుగురూ ఆ కవరు చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మేనేజరు గారు కూడా. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత కవరు లోపలివైపు, ఒక మూలన, సన్నటి మంచు పొర పట్టింది. ఆ పొర మీద ఒక చుక్క చేరి కిందకి జారింది.

"ఉందింకా," అంది పెద్దింట్లమ్మ.

గంగాధరరావు గారు లేచి నిలబడ్డారు. "అంత చిన్న చెమ్మకి ఏమవుతుంది? పన్నెండు కావస్తోంది. ప్రింట్లు తియ్యాలి, సంతకాలవ్వాలి. పెట్టేయమ్మా."

రాహేలు ఆ చుక్క వంక చూసింది. ఇది పెడితే పని చెయ్యచ్చు. చెయ్యకపోతే పొగ వస్తుంది, సర్వరుని కూడా పట్టుకుపోవచ్చు. అప్పుడు ఈ రోజు కాగితాలే కాదు, అయిదు నెలలుగా తను ఎక్కించిన ప్రతి చెరువూ ప్రతి పరీక్షా పోతాయి.

"పెట్టను సార్," అంది.

"ఏమన్నావు?"

"పెట్టనండీ. ఆ కవరుకి చెమ్మ పట్టకుండా ఉన్నాకే పెడతాను."

సత్తిబాబు చేతిలోంచి అట్టముక్క జారిపోయింది. అయిదు నెలల మూడు వారాల్లో ఆ అమ్మాయి నోట "సరేనండీ" తప్ప ఇంకో మాట ఎవరూ వినలేదు. గంగాధరరావు గారి ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, పెద్దింట్లమ్మ వంక చూసి, ఆవిడ కూడా తనవైపే చూస్తుండడంతో, ఫోను చెవికి పెట్టుకుని మెట్లు దిగిపోయారు. రాహేలు వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది.

"మళ్ళీ విసరవయ్యా, చూస్తావేంటి?" అంది పెద్దింట్లమ్మ సత్తిబాబుతో.

మళ్ళీ వల మీద పెట్టారు. రాహేలు ఫ్యాను రెక్కల సందుల్లో, తీగ చుట్టల కింద, దూది చుట్టిన పుల్లతో ఒక్కొక్క మూలా ఒత్తింది. ఒంటిగంటకి పావు తక్కువకి మళ్ళీ కవరు. పది నిమిషాలు. ఇంకో పది. కవరు లోపల ఎండ తప్ప ఏమీ లేదు. పెద్దింట్లమ్మ కవరుని ముక్కు దగ్గర పెట్టుకుని అలవాటు కొద్దీ వాసన కూడా చూసింది.

"తీసుకెళ్ళు. మూటకట్టే సరుకే."

గాలి సముద్రం వైపు నుంచి తిరిగి కొబ్బరాకులు ఊగడం అప్పుడే మొదలైంది. రాహేలు మూత బిగించి, ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుని మెట్లు దిగింది. ముందు సర్వరు వెనకనుంచి ఆ పాత పవర్ సప్లైలు రెండూ బయటికి లాగేసింది. లోపల ప్రార్థన చేసుకుంది, పైకి మాత్రం ఏమీ అనలేదు. కొత్తదాన్ని కుడి అరలో చివరిదాకా తోసి, తీగ గుచ్చి, స్విచ్ వేసింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పచ్చ లైటు. తర్వాత హోరు. సత్తిబాబు ఎగిరి చప్పట్లు కొట్టాడు. గుమ్మం దగ్గర గుమిగూడిన షెడ్డు ఆడవాళ్ళంతా "సర్వరు చేప లేచిందోయ్" అని అరిచారు. ఆ కేక విని గంగాధరరావు గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన వచ్చేసరికే ప్రింటరు మొదటి కాగితం బయటికి తోస్తోంది.

అయిదింటికి పది నిమిషాలు ముందే కంటెయినరుకి సీలు పడింది. లారీ గేటు దాటి రోడ్డెక్కాక గంగాధరరావు గారు సర్వరు గదిలోకి వచ్చారు. వెంట పెద్దింట్లమ్మ కూడా ఉంది, ఆమె మాత్రం చల్లగాలి కోసమే.

"రాహేలమ్మా, నువ్వు లేకపోతే ఇవాళ కంపెనీ పరువు..." అని మొదలుపెట్టారు.

"సార్, ఒక్క మాట చెప్పాలండీ," అంది రాహేలు. ఇంకో రెండు పొగడ్తలు వింటే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆమెకి తెలిసిపోయింది. "ఎడమవైపుది రెండు వారాల కిందటే పోయింది. నారింజ లైటు వెలిగింది. నేను చూశాను, మీకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి కొత్తది వచ్చుండేది. ఇవాళ్టి గొడవే ఉండేది కాదు."

గంగాధరరావు గారు రాక్ వెనక్కి వెళ్ళి, ఖాళీ అయిన ఎడమ అర చూసి వచ్చారు.

"ఇక్కడ వెలిగిందే, అదేనా? నేనూ చూశాను."

"మీరా?"

"వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నా. ఒకటి పచ్చ, ఒకటి నారింజ. ముచ్చటగా ఉందే అనుకున్నా."

పెద్దింట్లమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. రాహేలుకి కూడా నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వలేదు.

"మధ్యాహ్నం నా ముఖం మీదే పెట్టనన్నావు. అంత ధైర్యం ఉన్నదానివి, రెండు వారాలు ఎందుకు భయపడ్డావమ్మా?"

రాహేలు ఆలోచించింది. "అప్పుడు నా ఉద్యోగం పోతుందని భయపడ్డానండీ. ఇవాళ సర్వరు పోతుందని భయపడ్డాను."

ఆయన తల ఊపారు. "ఆ రెండో భయం ఉంచుకో. మొదటిది నాకిచ్చెయ్." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "నీ ఖాయం ఆర్డరు నువ్వే టైపు చేసి తీసుకురా, సంతకం పెడతాను. సర్వరు నడుస్తోందిగా."

ఆ ఆర్డరు టైపు చెయ్యడానికి రాహేలుకి నలభై నిమిషాలు పట్టింది. కళ్ళు మసకబారి అక్షరాలు కనబడలేదు మరి.

వారం తర్వాత విజయవాడ నుంచి బందరు ఆఫీసుకి కొత్త పవర్ సప్లైలు రెండు వచ్చాయి. బందరు నుంచి వాటిని తెచ్చింది మళ్ళీ సత్తిబాబే. రొయ్యల పెట్టెల్లో కలపకుండా, పక్క సీట్లో కూర్చోబెట్టి, జారకుండా తువ్వాలుతో కట్టి తెచ్చాడు. అట్టపెట్టె బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒక్క ముక్క కూడా వెయ్యలేదు మేడమ్. ఐసు వంక చూడను కూడా లేదు. కావాలంటే పిన్నిని అడగండి, ఆవిడ ముందే దింపాను."

"నిజమే, పొడిగానే ఉంది," అంది వెనకాలే వచ్చిన పెద్దింట్లమ్మ. కానీ అంటూనే పెట్టె మూత వంక అనుమానంగా చూసింది.

రాహేలు ఆవిడ వంక చూసి, సొరుగు లాగి ప్లాస్టిక్ కవరు తీసింది. ముగ్గురూ డాబా మెట్లెక్కారు.